నేల ఉసిరి చెప్పిన సాక్ష్యం
(మన ఒళ్లు, మన చరిత్ర – 11వ భాగం)



మంత్రసానుల మీద రాసిన పోయిన భాగం తర్వాత విద్యార్థి మిత్రులు చాలామంది ఒకటే ప్రశ్న వేస్తున్నారు. "పసరు వైద్యం మన కులాల విజ్ఞానం అంటున్నారు, బాగుంది. మళ్లీ మీరే దాన్ని ల్యాబులో పరీక్షించాలి అంటున్నారు. మన నాయనమ్మల విజ్ఞానానికి ఇంకొకరి సర్టిఫికెట్ ఎందుకు?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. చెప్తే అది నినాదం అవుతుంది. నినాదాలకు మనకు కరువు లేదు. అందుకని ఈ భాగంలో ఒకే ఒక్క మొక్క చరిత్ర చెప్తాను. ఆ మొక్క మీ పొలం గట్టు మీద ఉంది, హాస్టల్ గోడ పక్కన ఉంది. పేరు నేల ఉసిరి. అది మద్రాసు ప్రయోగశాలకు వెళ్లింది, అమెరికాకు వెళ్లింది, నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త చేతుల్లో పడింది, పేటెంటు అయ్యింది, ప్రపంచ ప్రసిద్ధ వైద్య పత్రికకు ఎక్కింది. ఆ తర్వాత పరీక్షల్లో ఓడిపోయింది. దాని గెలుపు మనకు ఎంత ముఖ్యమో ఓటమి కూడా అంతే ముఖ్యం.

ఎవరి చేతి మందు?

మా వాడలో పచ్చకామెర్లు వస్తే ముందు నాయనమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు. నేల ఉసిరి మొక్కను వేర్లతో సహా పీకి, కడిగి, నూరి, పసరు పిండి, పుల్లటి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేది. ఉప్పు, కారం, నూనె బంద్. డబ్బు తీసుకునేది కాదు. తీసుకుంటే మందు పారదని ఆమె నమ్మకం. పగలు వాడ గడప తొక్కనివాళ్లు కూడా కామెర్లొస్తే చీకటితో వచ్చి దొడ్డి దగ్గర నిలబడేవాళ్లు. మందుకు అంటు లేదు, మందిచ్చిన చేతికి మాత్రం ఉంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. పల్లెల్లో కాన్పు చేసింది మంత్రసాని. కురుపు కోసింది, కట్టు కట్టింది మంగలి. అడవిలో వేరు ఏదో, విషం ఏదో తెలిసింది చెంచులకు, యానాదులకు. కంచ ఐలయ్య గారు 'పోస్ట్ హిందూ ఇండియా' పుస్తకంలో మంగలి కులాన్ని సామాజిక వైద్యులని పిలిచింది ఊరికే కాదు. మరి శాస్త్రాలు రాసుకున్నవాళ్లు వైద్యాన్ని ఎలా చూశారు? మనుస్మృతి శ్రాద్ధానికి పిలవకూడని వాళ్ల జాబితాలో వైద్యుణ్ణి పెట్టింది. వైద్యుడి అన్నాన్ని చీముతో పోల్చింది. రోగి ఒంటిని తాకే పని, రక్తం, చీము, మలం చూసే పని మైలపని. దేబీప్రసాద్ చటోపాధ్యాయ ప్రాచీన భారత విజ్ఞానం మీద రాస్తూ ఈ సంగతి మీద చాలా వివరంగా మాట్లాడాడు. ముట్టుకుని చూడకుండా వైద్యం పుట్టదు, ముట్టుకోకూడదన్న చోట వైద్యం బతకదు.

కాబట్టి ఇవాళ "అంతా మా గ్రంథాల్లోనే ఉంది" అనేవాళ్లను అడగండి. ముట్టుకుని చూసిందెవరు?

"తగ్గింది" అంటే ఏమిటి?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నాయనమ్మ మందు తాగినవాళ్లలో ఎక్కువమందికి తగ్గింది. నిజంగానే తగ్గింది. కానీ ఎందుకు తగ్గింది?

పచ్చకామెర్లు ఒక రోగం కాదు, ఒక లక్షణం. కాలేయం దెబ్బతింటే కళ్లు పచ్చబడతాయి. దెబ్బతీసేవాటిలో వైరస్‌లు ముఖ్యమైనవి. కలుషితమైన నీళ్లతో, తిండితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. ఒళ్లే వాటిని గెంటేస్తుంది. గర్భిణులకు ఇ రకం వస్తే మాత్రం ప్రాణాల మీదికి రావచ్చు, అది వేరే సంగతి. మొత్తం మీద పసరు తాగినా, తాగకపోయినా చాలామందికి తగ్గుతుంది.

హెపటైటిస్ బి అలాంటిది కాదు. అది రక్తం ద్వారా, సూదుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై ఐదుమందికి పైగా బయటపడతారు. పుట్టిన బిడ్డకు సోకితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిలో జీవితాంతం ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఏమీ కనిపించదు. తర్వాత కాలేయం గట్టిపడుతుంది, కొందరికి క్యాన్సర్ అవుతుంది.

మా వాడలోనే ఒక వ్యవసాయ కూలీ అన్నకు కామెర్లు వచ్చి పసరుతో 'తగ్గాయి'. కొన్నేళ్లకు కడుపు నీళ్లతో ఉబ్బింది. అప్పుడు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ బి అని తేలింది. అప్పటికి ఆలస్యమైంది. కళ్లు తెల్లబడ్డాయి కానీ వైరస్ పోలేదు. కళ్లతో చూసి ఆ తేడా చెప్పడం నాయనమ్మకు సాధ్యం కాదు, ఎండీ చదివిన డాక్టరుకూ సాధ్యం కాదు. రక్తాన్ని పరీక్షించాలి.

ఆ రక్తపరీక్ష ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అక్కడ కూడా మనలాంటి మనిషే ఉన్నాడు.

పేరు లేని రక్తం

బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1960ల మొదట్లో ప్రపంచంలోని రకరకాల జనాల రక్తం సేకరించి, ఒకరి రక్తానికీ ఇంకొకరి రక్తానికీ తేడాలు వెతుకుతున్నాడు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉండి చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక రోగి సీరమ్, ఆస్ట్రేలియా ఆదివాసీ ఒకరి సీరమ్‌తో కలిసి గీత కట్టింది. ఏదో కొత్త పదార్థం ఉంది. దానికి 'ఆస్ట్రేలియా యాంటీజెన్' అని పేరు పెట్టి 1965లో ప్రచురించారు. తర్వాత కొన్నేళ్లకు తేలింది, అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని. దాంతో రక్తదానంలో ఈ వైరస్‌ను పసిగట్టే పరీక్ష వచ్చింది. టీకాకు దారి దొరికింది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ఇవాళ ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నాం.

ఆ రక్తం ఇచ్చిన ఆదివాసీ పేరు? ఆ కథలో లేదు. ఆ మనిషికి బదులు ఖండం పేరు మిగిలింది.

బ్లంబర్గ్ చెడ్డవాడని నేను అనడం లేదు. ఆయన పని కోట్లమందిని కాపాడింది, మన పిల్లల్ని కూడా. నేను చెప్పేది జమాఖర్చు సంగతి. విజ్ఞానం లెక్కలో మనం ఇచ్చింది 'ముడిసరుకు' కింద రాసుకుంటారు, వాళ్లు చేసింది 'ఆవిష్కరణ' కింద రాసుకుంటారు.

మొక్కను వైరస్ మీద ఎలా పరీక్షిస్తారు?

మొక్కల సారాన్ని వైరస్‌ల మీద ఒక పద్ధతి ప్రకారం పరీక్షించడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊపందుకుంది. ఇంగ్లండ్‌లోని బూట్స్ మందుల కంపెనీ శాస్త్రవేత్తలు 288 మొక్కల సారాలను ఇన్‌ఫ్లూయెంజా వైరస్ మీద పరీక్షించి 1952లో ఫలితాలు ప్రచురించారు. 12 మొక్కల్లో కొంత పనితనం కనిపించింది. మన దేశంలో లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ వందల మొక్కల్ని పోగుచేసి ఒక్కో సారాన్నీ రకరకాల రోగాల మీద పరీక్షించింది. 1968లో మొదటి విడత ఫలితాలు వచ్చాయి. అందులో వైరస్‌ల వంతుకు వాడినవాటిలో ఒకటి రాణిఖేత్ వైరస్. మన కోళ్లను తుడిచిపెట్టే కొక్కెర తెగులు వైరస్ అన్నమాట.

పద్ధతి సూత్రం తేలికే. మొక్కను ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లతోనో సారాయితోనో సారం తీస్తారు. గాజు పాత్రలో కణాలు పెంచి వాటికి వైరస్ అంటిస్తారు. కొన్నింటికి సారం కలుపుతారు, కొన్నింటికి కలపరు. వైరస్ ఎంత తగ్గిందో కొలుస్తారు.

ఇక్కడ అసలు ప్రశ్న 'వైరస్ చచ్చిందా' అన్నది కాదు. బ్లీచింగ్ పౌడర్ వేసినా చస్తుంది. సబ్బు నీళ్లు పోసినా చాలా వైరస్‌లు చస్తాయి. వైరస్‌ను ఆపే మోతాదు ఎంత, కణాన్ని చంపే మోతాదు ఎంత, ఈ రెండింటి మధ్య దూరం ఎంత? ఆ దూరం బాగా ఉంటేనే అది మందు అయ్యే అవకాశం ఉంది. లేకపోతే అది విషమే, వైరస్‌తో పాటు మనిషికీ విషమే.

ఇంకో మోసం ఉంది. దాన్ని మా తాత బాగా అర్థం చేసుకునేవాడు. మా తాత లందలో తోళ్లు పదును చేసినవాడు. తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లలో పచ్చితోలు నానబెడితే అది కుళ్లడం ఆగి తోలు అవుతుంది. ఎందుకు? ఆ చెక్కలోని వగరు పదార్థాలు, అంటే టానిన్లు, తోలులోని ప్రొటీన్లను గట్టిగా పట్టుకుంటాయి. టానిన్లు ఏ ప్రొటీన్‌నైనా పట్టుకుంటాయి. నేల ఉసిరి నిండా కూడా ఇలాంటి వగరు పదార్థాలు ఉన్నాయి. వాటిని వైరస్ ఉన్న గాజు గొట్టంలో వేస్తే వైరస్ పైపొరను పట్టుకుంటాయి, దాని ఎంజైమ్‌ను పట్టుకుంటాయి. అబ్బో, వైరస్ ఆగింది అనిపిస్తుంది. కానీ మనం మింగితే అవి కడుపులోని ప్రొటీన్లనూ అలాగే పట్టుకుంటాయి, పేగుల్లోనే చాలావరకు మారిపోతాయి. కాలేయం దాకా ఎంత చేరుతుంది? అందుకే 1980ల చివర అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వేల మొక్కల్ని ఎయిడ్స్ వైరస్ మీద పరీక్షించినప్పుడు, ఈ టానిన్ల వల్ల వచ్చే ఉత్తుత్తి ఫలితాలను ఏరేయడం ఒక పెద్ద పని అయింది.

గాజు గొట్టంలో జరిగేది కొంతవరకు లందలో జరిగేదే. లందలో పనిచేసినంత మాత్రాన ఒంట్లో పనిచేయదు.

మద్రాసు, ఫిలడెల్ఫియా, మళ్లీ మద్రాసు

ఇప్పుడు మన మొక్క దగ్గరికి వద్దాం. మద్రాసు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎస్.పి. త్యాగరాజన్, ఆయన సహచరులు కామెర్లకు వాడే మొక్కల మీద పనిచేసి 1982లో ఒక పత్రం ప్రచురించారు. రెండు మొక్కల సారాలు హెపటైటిస్ బి యాంటీజెన్‌ను గాజు గొట్టంలో పనికిరాకుండా చేశాయని అందులో చెప్పారు. ఒకటి నేల ఉసిరి. రెండోది గుంటగలగరాకు. రెండూ మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మొక్కలే.

ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ క్యాన్సర్ కేంద్రంలో బ్లంబర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్, పి.ఎస్. వెంకటేశ్వరన్ ఇదే మొక్క మీద పనిచేశారు. హెపటైటిస్ బి మామూలుగా మనుషులకు, చింపాంజీలకు తప్ప అంటదు. దానికి దగ్గరి చుట్టమైన వైరస్ ఒకటి వుడ్‌చక్ అనే అమెరికా జంతువులో ఉంది, అది ఉడుతల జాతిదే. నేల ఉసిరి నీటిసారాన్ని వాటి మీద పరీక్షించారు. 1987 పత్రం ప్రకారం, కొత్తగా సోకిన నాలుగు జంతువుల్లో మూడింటిలో 3 నుంచి 6 వారాల్లో వైరస్ గుర్తులు పోయాయి. పాతగా సోకినవాటిలో ఫలితం అంత బాగా లేదు. ఒక ముఖ్యమైన వివరం చూడండి. మందు పనిచేసింది పొట్టలోకి సూదితో నేరుగా ఎక్కించినప్పుడు. చర్మం కింద ఇచ్చినప్పుడు పనిచేయలేదు.

1988 అక్టోబరులో 'లాన్సెట్' పత్రికలో మద్రాసు, ఫిలడెల్ఫియా బృందాలు కలిసి మనుషుల మీద ఫలితం ప్రకటించాయి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు 30 రోజులు మొక్క పొడి ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి, అంటే నూటికి 59 మందికి, యాంటీజెన్ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి గుళికలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. మామూలుగా ఈ యాంటీజెన్ ఏడాదికి నూటికి ఒకరిద్దరిలో పోతేనే గొప్ప. అందుకే ప్రపంచం లేచి కూర్చుంది.

అయితే రాసినవాళ్లు దాన్ని ప్రాథమిక అధ్యయనం అనే అన్నారు. ఇంకో దిద్దుబాటు కూడా జరిగింది. మొదట్లో మొక్క పేరును ఫిలాంథస్ నిరూరి అని రాశారు. తర్వాత అది ఫిలాంథస్ అమరస్ అని తేల్చారు. నేల ఉసిరి అని మనం పిలిచే మొక్కలు ఒకేలా కనిపించే చాలా రకాలు. నాయనమ్మ పీకింది ఏది, మద్రాసులో నూరింది ఏది, బజారులో పొడి చేసి అమ్మేది ఏది? ఈ ప్రశ్న ఇప్పటికీ ఉంది.

ఓటమి

విజ్ఞానంలో ఒకసారి గెలిస్తే చాలదు. వేరే ఊళ్లో, వేరే చేతుల్లో, మళ్లీ గెలవాలి.

థాయిలాండ్‌లో చేసి చూశారు. యాంటీజెన్ పోలేదని 1990లో అదే లాన్సెట్‌లో రాశారు. నెదర్లాండ్స్‌లో చేశారు, మేలు తేలలేదని 1991లో చెప్పారు. 1994లో బొంబాయి వైద్యులు రెండు దశల్లో పరీక్షించి యాంటీజెన్ పోలేదని ప్రకటించారు. అదే ఏడాది న్యూజీలాండ్ నుంచి అదే జవాబు వచ్చింది. మొక్క రకం వేరని, నేల వేరని, కోసిన కాలం వేరని వాదనలు నడిచాయి. 2011లో కోక్రేన్ అనే అంతర్జాతీయ సమీక్షా సంస్థ 16 పరీక్షలను, 1326 మంది రోగులను కలిపి చూసింది. ఈ మొక్కలు దీర్ఘకాలిక హెపటైటిస్ బిని తగ్గిస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ వార్త వింటే మనసు చివుక్కుమంటుంది. నాకూ అలాగే ఉంటుంది. కానీ ఈ ఓటమి ఎవరికి మేలు చేసింది? 59 శాతం అన్న అంకెను పట్టుకుని ఆగిపోయి ఉంటే, గుళికల కంపెనీలు అమ్ముకునేవి. ఉన్నవాళ్లు అమెరికా మందు కొనుక్కునేవాళ్లు. నేల ఉసిరి గుళికతో సరిపెట్టుకుని ముప్ఫై ఏళ్లకు కాలేయం పోగొట్టుకునేది మనోళ్లే. పరీక్ష ఆ మోసం నుంచి కాపాడింది ముందు మనల్నే. డబ్బున్నవాడికి రెండో అవకాశం ఉంటుంది. కూలి మనిషికి మొదటి మందే చివరి మందు.

ఈ ఓటమి వల్ల నాయనమ్మ అబద్ధాలకోరు అయిపోదు. ఆమె చూసింది కామెర్లను. హెపటైటిస్ బి వైరస్‌ను కాదు. తనకు కనిపించినంతలో నిజాయితీగా చూసింది, నలుగురికీ ఉచితంగా పంచింది. మొక్క నుంచి మందు పుట్టదని కూడా ఎవరూ అనడం లేదు. ఈ మొక్క, ఈ రోగం, ఈ రూపంలో పనిచేస్తుందని తేలలేదు. అంతే. అంతకు మించి లాగితే అది ఇంకో రకం అబద్ధం.

ఓడినా పేటెంటు ఎవరిది?

పరీక్ష కావాలి అన్నంత గట్టిగానే రెండో మాట కూడా అనాలి. 1987లోనే ఫాక్స్ చేజ్ కేంద్రం ఈ మొక్క సారంతో హెపటైటిస్‌కు చికిత్స మీద అమెరికా పేటెంటు తీసుకుంది. తరతరాలుగా కామెర్లకు ఈ మొక్కను వాడినవాళ్ల చోటు అందులో ఎక్కడ?

మన దేశం ఇలాంటి పేటెంట్లను అడ్డుకోవడానికి 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. మంచి పని. కానీ అందులోకి వెళ్లింది ఏమిటి? సంస్కృతం, అరబిక్, పర్షియన్, ఉర్దూ, తమిళం వంటి భాషల్లో రాసి ఉన్న గ్రంథాల్లోని మందులు. రాత ఎవరి చేతిలో ఉందో వాళ్ల విజ్ఞానానికి కాపలా దొరికింది. చదువు నిషేధించబడిన కులాల నోటి విజ్ఞానానికి? నాయనమ్మకు పుస్తకం లేదు. పుస్తకం లేనిది విజ్ఞానమే కాదన్నట్టు లెక్క.

జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. మొక్కను, దాని జ్ఞానాన్ని వాడుకుని లాభం పొందితే స్థానికులకు వాటా ఇవ్వాలని అందులో ఉంది. 2023లో దాన్ని సవరించారు. గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు వాటా ఇచ్చే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే ఒక మందు ఏదో ఒక పాత గ్రంథంలో ఉందని చూపిస్తే చాలు. ఆ మొక్కను ఇవాళ్టికీ గుర్తుపట్టి, ఏరి, ఎండబెట్టి బస్తాల్లో నింపే యానాదికి, చెంచుకు రావాల్సిన వాటా ఎగ్గొట్టొచ్చు. ఏకలవ్యుడి బొటనవేలును ఇప్పుడు గెజిట్ నోటిఫికేషన్‌తో అడుగుతున్నారు.

ఇంకో దారి ఉందా? ఉంది. పసిఫిక్ సముద్రంలో సమోవా అనే చిన్న దేశం ఉంది. అక్కడ ఎపెనేసా మౌయిగోవా అనే వైద్యురాలు మమాలా అనే చెట్టు కాండం చెక్కను కామెర్లకు వాడేది. పాల్ కాక్స్ అనే వృక్షశాస్త్రవేత్త ఆమె దగ్గర నేర్చుకున్నాడు. ఆ చెక్క నుంచి తీసిన ప్రోస్ట్రాటిన్ అనే పదార్థం ఎయిడ్స్ వైరస్ మీద పనిచేస్తున్నట్టు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరీక్షల్లో 1992లో బయటపడింది. కణాల్లో నిద్రపోతున్న వైరస్‌ను అది బయటికి లాగుతుంది. 2001లో ఒక ఎయిడ్స్ పరిశోధన సంస్థ సమోవా ప్రభుత్వంతో, లాభంలో 20 శాతం ఆ దేశానికి ఇస్తామని ఒప్పందం చేసుకుంది. 2004లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఆ చెట్టు జన్యువుల మీద తాము చేసే పనిలో లాభం వస్తే సగం సమోవాకు ఇస్తామని సంతకం పెట్టింది. ఆ వాటాలో ఫాలియలుపో గ్రామానికీ, నేర్పిన వైద్యుల కుటుంబాలకూ భాగం ఉంది.

ప్రోస్ట్రాటిన్ ఇంతవరకూ బజారులోకి వచ్చిన మందు కాలేదు. రేపు అవుతుందని నేను హామీ ఇవ్వను. కానీ ఆ వైద్యురాలికి పేరుంది. మందు తేలకముందే వాటా కాగితం మీదికి వచ్చింది. విజ్ఞానానికీ న్యాయానికీ మధ్య పోటీ లేదని ఈ కథ చెప్తోంది.

పరీక్ష ఎవరి ఒంటి మీద?

పరీక్షలు కావాలి అన్నప్పుడు మన పెద్దలకు భయం ఉంటుంది. ఆ భయానికి చరిత్ర ఉంది. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే సంస్థలో, బుద్ధి ఎదగని పిల్లలకు హెపటైటిస్ కావాలని అంటించి సాల్ క్రుగ్‌మన్ అనే డాక్టరు 1950ల నుంచి ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వైరస్ టీకా అధ్యయనం జరిగింది. హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ, దళిత ఆడపిల్లల తరఫున చాలా చోట్ల వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో అధ్యయనం ఆపేశారు. జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. అయినా అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ కథ వచ్చే భాగంలో వివరంగా రాస్తాను. ఇప్పటికి ఒక్కమాట. మన పోరాటం పరీక్షను ఆపడానికి కాదు. మన సమ్మతి లేకుండా, మన భాషలో చెప్పకుండా, మన వాటా లేకుండా జరిగే పరీక్షను ఆపడానికి.

కృష్ణపట్నం క్యూ

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆక్సిజన్ లేదు, పడకలు లేవు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది గుమిగూడారు. మన మిత్రులు కొందరు ఆయన్ని పల్లె వైద్యానికి ప్రతినిధిగా చూశారు. డబ్బు తీసుకోకుండా మందిచ్చిన మనిషిని నేనెప్పుడూ ఎగతాళి చేయను. ఆసుపత్రి తలుపు మూసుకున్నవాళ్లు పసరు దగ్గరికి వెళ్తే తప్పు పసరుది కాదు, తలుపుది.

కానీ జరిగింది చూడండి. ప్రభుత్వం మందును ఆపింది, నిపుణులను పంపింది. నెలాఖరుకు కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. కొవిడ్‌ను తగ్గిస్తుందన్న ఆధారం లేదు, హాని కనిపించలేదు, డాక్టర్లు ఇచ్చిన మందులు మానొద్దు అని చెప్పింది. ఆ అనుమతికి అర్థం 'పనిచేస్తుంది' అని కాదు. 'మీ ఇష్టం' అని. సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా, రెండు వైపులా లెక్కపెట్టే అసలు పరీక్ష ఫలితం జనం చేతికి రాలేదు. పేదవాడికి ఆసుపత్రి ఇవ్వలేని ప్రభుత్వం 'మీ ఇష్టం' అనడం చాలా చౌక. దాన్ని గౌరవం అనుకుని మనం చప్పట్లు కొట్టకూడదు.

మరి మనల్ని కాపాడింది ఏది?

హెపటైటిస్ బి విషయంలో జవాబు తేలింది. టీకా. పేరు తెలియని ఆ ఆదివాసీ రక్తంలో దొరికిన యాంటీజెన్‌నే ఇవాళ ఈస్టు కణాల్లో తయారుచేసి టీకాగా వేస్తున్నారు. దిగుమతి టీకా ధర పేదవాడికి అందని రోజుల్లో, 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలో మొదటిసారి ఆ రకం టీకాను తయారుచేసి ధరను బాగా కిందికి దింపింది. తర్వాత ప్రభుత్వం దాన్ని పిల్లల టీకాల పట్టికలోకి తెచ్చి దేశమంతటా విస్తరించింది. పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు పడితే తల్లి నుంచి వచ్చే వైరస్‌కు చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. ఇప్పటికే సోకినవాళ్లకు, వైరస్‌ను అణచి ఉంచే మాత్రలు 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అవసరం ఎవరికో డాక్టరు తేలుస్తారు.

ఇప్పుడు మన అసలు ప్రశ్న. ఆసుపత్రుల్లో వాడిన సూదులు ఎత్తేది ఎవరు? రక్తం గుడ్డలు మూటకట్టేది ఎవరు? కాన్పు గది కడిగేది ఎవరు? కాంట్రాక్టు మీద, చేతికి సరైన గ్లౌజులు లేకుండా పనిచేసే మన అక్కలు, మన అన్నలు. ముట్టుకోకూడదన్న పని నిన్న ఎవరికి అంటగట్టారో ఇవాళా వాళ్లకే అంటగట్టారు. సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి వచ్చే ప్రమాదం ఎక్కువ. బయోమెడికల్ వ్యర్థాల నియమాలు 2016 స్పష్టంగా చెప్తున్నాయి. ఆ చెత్తను తాకే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఆసుపత్రి యాజమాన్యమే వేయించాలి. ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రికైనా కార్పొరేట్ ఆసుపత్రికైనా అదే చట్టం.

అందుకే విద్యార్థి మిత్రులకు, కార్యకర్తలకు నాలుగు పనులు చెప్తున్నాను.

ఒకటి, మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో పారిశుద్ధ్య కార్మికులకు, కాంట్రాక్టు వాళ్లతో సహా, ఎంతమందికి హెపటైటిస్ బి మూడు డోసులూ వేశారో సమాచార హక్కు కింద అడగండి. జవాబు వచ్చాక యూనియన్లతో కలిసి కదలండి.

రెండు, మీ వాడలో కాన్పు అయిన ప్రతి ఇంటికీ వెళ్లి, బిడ్డకు మొదటి రోజు డోసు పడిందో లేదో టీకా కార్డులో చూడండి.

మూడు, కామెర్లు వచ్చిన మనిషికి పసరు ఇచ్చినా ఇవ్వకపోయినా, ముందు రక్తపరీక్ష చేయించండి. ఏ వైరసో తెలియాలి. గర్భిణి అయితే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

నాలుగు, మీ ఊళ్లో మందు తెలిసిన ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. మొక్క పేరు, ఏ రోగానికి, ఎంత మోతాదు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అన్నీ వాళ్ల పేరుతో రాయండి. పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలని చట్టమే చెప్తోంది. అందులోకి అవి ఎక్కాలి. రేపు వాటిలో ఒక మొక్క నిజంగా వైరస్‌ను ఆపితే, ఆ కాగితం మీద మన నాయనమ్మ పేరుండాలి.

బాబాసాహెబ్ మనకు నేర్పింది ఇదే. ఎవరు చెప్పారన్నది కాదు, ఆధారం ఏమిటని అడగమన్నాడు. ఆ ప్రశ్నతోనే మనం వేదాలను నిలదీశాం. అదే ప్రశ్న మన పసరు గిన్నెను కూడా అడుగుదాం. పై కులాల వాడికి గుడ్డి నమ్మకం ఒక హోదా. మనకది ప్రాణం ఖరీదు. మన విజ్ఞానాన్ని దండలేసి పూజించొద్దు. పరీక్షకు పెడదాం. తేలితే పేరూ వాటా రాబడదాం, తేలకపోతే మన పిల్లలకు నిజం చెబుదాం.

వచ్చే భాగం: ఖమ్మం హాస్టళ్లలో ఎవరి సంతకం?

జై భీమ్!